జీన్ కిట్‌లో రొమ్ము క్యాన్సర్ రిస్క్ ఎక్కువ అని వచ్చింది, భయపడాలా?

మీ ప్రశ్న చదవగానే మా చెల్లి గుర్తొచ్చింది. చెల్లి అంటే పిన్ని కూతురు. మూడేళ్ల క్రితం డిస్కౌంట్ ఉందని ఇంటి దగ్గరే జన్యువులు పరీక్షించుకునే కిట్లు రెండు తెప్పించింది, ఒకటి తనకు, ఒకటి నాకు. గొట్టంలో ఉమ్మి వేసి కొరియర్ చేశాం. నెల తర్వాత రాత్రి పదకొండింటికి ఫోన్. "అక్కా, నాకు రొమ్ము క్యాన్సర్ రిస్క్ 26 శాతం ఎక్కువట" అని ఒకటే ఏడుపు. నా రిపోర్టులో మాత్రం పచ్చరంగు డబ్బాలో "సాధారణం" అని ఉంది. ఆ రాత్రంతా దాన్ని ఓదార్చింది నేనే.

ముందు ఆ 26 సంగతి. దాని రిపోర్టులో ఉన్నది ఎఫ్‌జీఎఫ్ఆర్2 అనే జన్యువులో ఒక్క అక్షరం తేడా. 2007లో కేంబ్రిడ్జిలో డగ్లస్ ఈస్టన్ బృందం వేలమంది ఆడవాళ్ల డీఎన్ఏ పోల్చి బయటపెట్టినవాటిలో అదొకటి. అరుదైన లోపమేమీ కాదు. యూరప్ మూలాలున్నవాళ్లలో ఆ జన్యువు ప్రతులు పది తీస్తే దాదాపు నాలుగింటిలో అదే ఉంటుంది. ఆ తేడా ఒక ప్రతిలో ఉంటే రిస్క్ 1.26 రెట్లు అవుతుంది. మన దేశంలో సుమారు 28 మంది ఆడవాళ్లలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ వస్తుందంటారు, అంటే నూటికి మూడున్నర. దాన్ని 1.26తో గుణించండి. నాలుగున్నర, అంతే. "మూడున్నర కాస్తా నాలుగున్నర అయింది" అని రాస్తే అర్ధరాత్రి ఏడ్చేవాళ్లెవరు? 26 శాతం అని రాస్తేనే కదా తర్వాతి ప్యాకేజీ అమ్ముడయ్యేది.

ఇలాంటి చిన్న తేడాలు వందల్లో ఉన్నాయి. 2019లో 313 తేడాలను కూడి ఒక స్కోరు కట్టారు. విడివిడిగా ఒక్కొక్కటీ చీమంతే, అన్నీ ఒకరి దగ్గరే పోగుపడితే మాత్రం బరువే, అది నేను కాదనను. కానీ ఆ లెక్క కట్టింది యూరప్ మూలాలున్న ఆడవాళ్ల మీద. దాన్ని తెచ్చి మనకు అంటగట్టడమంటే వేరేవాళ్ల కొలతలకు కుట్టిన జాకెట్ మనకు తొడగడమే.

సరే, చెల్లి ఏడుపు ఆగక ఒక జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరకు, అంటే వంశపారంపర్య జబ్బుల గురించి సలహా చెప్పే ఆవిడ దగ్గరకు, తీసుకెళ్లాను. ఆవిడ పెన్సిల్ తీసి వంశవృక్షం గీశారు. మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు సున్నాలు. చెల్లిది పదిహేను నిమిషాల్లో అయిపోయింది, రెండువైపులా ఎవరికీ ఏమీ లేదు. "మీరూ వచ్చారుగా, మీదీ గీద్దామా?" అన్నారు నన్ను చూసి. మా అమ్మవైపు చెప్పి ఆగిపోయాను.

"నాన్నగారివైపు?"

"అటెందుకండీ?" అన్నాను. నిజంగానే అన్నాను. అప్పటికి నేను వెళ్లిన ప్రతి ఆసుపత్రి ఫారంలోనూ అమ్మకుందా, అక్కచెల్లెళ్లకుందా అనే అడిగారు. నాన్న అనే మాటే ఎక్కడా లేదు.

"సగం జన్యువులు ఆయనవే కదమ్మా."

అక్కడినుంచే తెనాలికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. "ఆడవాళ్ల జబ్బుల సంగతి నాకేం తెలుస్తుందే" అన్నారు నాన్న. కాసేపాగి, "మా అమ్మకు కడుపు ఉబ్బేది. నీళ్లు పట్టాయన్నారు. గుంటూరు తీసుకెళ్లి తీయించుకొస్తే పది రోజులకు మళ్లీ మామూలే. నలభై ఎనిమిదికే పోయింది" అన్నారు. కౌన్సెలర్ తల ఊపుతూ ఒక సున్నాను సగం నల్లగా నింపారు. బహుశా అండాశయం క్యాన్సర్ అయ్యుంటుందన్నారు. "మరి మేనత్తకు?" అని అడిగాను. "దానికి నలభై ఒకటో ఏట రొమ్ములో గడ్డ తీశారుగా! నీకు సంబంధాలు చూసే రోజులని ఎవరితోనూ అనుకోలేదు."

ఇరవై ఏళ్లు దాచారు! పెళ్లి కొడుకు తరఫువాళ్లు వెనక్కి పోతారని. ఈ సంబంధాల పిచ్చి మన ఇళ్లలో ఎంత చేటు చేస్తుందో రాయడం మొదలుపెడితే ఇంకో జవాబు అవుతుంది.

జన్యు టెస్టు ముందు నాకు కాదు, జబ్బు వచ్చినవాళ్లకు చేయాలట. అత్త మారుమాట లేకుండా రక్తం ఇచ్చింది. బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపం దొరికింది. తర్వాత నాలో ఆ ఒక్క లోపం కోసమే వెతికారు, ఖర్చు కూడా తక్కువే అయింది. ఉంది. అత్త నుంచి కాదు, నాయనమ్మ నుంచి నాన్నకు, నాన్న నుంచి నాకు. ఏంజెలీనా జోలీకి ఉన్నదీ ఈ జన్యువులో లోపమే. 80 ఏళ్లు వచ్చేలోపు ఇలాంటివాళ్లు నూరుమందిలో 72 మందికి రొమ్ము క్యాన్సర్, 44 మందికి అండాశయం క్యాన్సర్ వస్తాయని 2017లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన లెక్క. 26 శాతం అని ఏడ్చిన చెల్లికి ఏమీ లేదు. పచ్చడబ్బా వచ్చిన నాకు ఇది! ఆ కిట్ ఈ జన్యువును పూర్తిగా చదవనే లేదు. కొన్ని కిట్లయితే ఒకప్పుడు యూదుల్లో ఎక్కువగా కనిపించే మూడు లోపాలను మాత్రమే చూసి ఊరుకునేవి.

కాబట్టి మీ రిపోర్టులో ఎర్రడబ్బా ఉన్నా పచ్చడబ్బా ఉన్నా నాకు ఒకటే. నన్నడిగితే ఈ కిట్లను జాతకాల పుస్తకాల పక్కన పెట్టి అమ్మాలి. మీ మేనత్తలు, నాయనమ్మ ఏ వయసులో దేనితో పోయారో ముందు కనుక్కోండి. "కడుపులో గడ్డ", "నీళ్లు పట్టాయి" అని ఎవరైనా అంటే అక్కడ ఆగి గుచ్చి గుచ్చి అడగండి. చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్, లేదా ఎవరికైనా అండాశయం క్యాన్సర్ ఉందని తేలితే కిట్ కాదు, డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

నేను ఏటా ఎమ్మారై చేయించుకుంటున్నాను. పిల్లలిద్దరూ పుట్టేశారు గనక పోయినేడు, 39లో, అండాశయాలు తీయించేసుకున్నాను. మా తమ్ముడు మాత్రం "మగాడికెందుకక్కా ఈ టెస్టు" అంటాడు. వాడికి ఇద్దరూ ఆడపిల్లలే. మొన్న మళ్లీ కదిపితే, మామిడికాయలు పంపుతున్నాను అందాయా అని మాట మార్చాడు.