గుడ్డ తడపకుండా కత్తెర ముట్టుకోకు

చిన్నీ,

కుట్టుమిషన్ కొన్నావట. మొదటి డ్రెస్ నువ్వే కుట్టుకుంటావట, గుడ్డకోసం శనివారం విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలతకు వెళ్తావట. నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు. సగం సంతోషం, సగం టెన్షన్. కొట్టువాళ్ల మాటల ముందు నువ్వు నిలబడగలవా అని.

శాటిన్, జార్జెట్, క్రేప్ జోలికి ఇప్పుడే వెళ్లకు. కత్తెర కింద చేపపిల్లల్లా జారిపోతాయి. పాప్లిన్ గానీ మంగళగిరి కాటన్ గానీ తీసుకో, చెప్పిన మాట వింటాయి. ధర కంటే ముందు పన్నా, అంటే గుడ్డ వెడల్పు, అడుగు. 36 అంగుళాల గుడ్డ మీటరు చౌకగా ఉందని మురిసిపోతే, 44 అంగుళాల దానికంటే మీటర్లు ఎక్కువ పట్టి ఖర్చు అక్కడికే వస్తుంది. ఏనుగులో నెమళ్లో ఉన్న ప్రింటైతే అరమీటరు ఎక్కువ కొను. లేకపోతే వెనకభాగంలో ఏనుగులు తలకిందులుగా నడుస్తాయి.

ఇక గుడ్డకు పెట్టే గంజి సంగతి. నాకప్పుడు పందొమ్మిదేళ్లు, మిషన్ నేర్చుకుని మూడు నెలలు. సంక్రాంతికి చెల్లికి పావడా కుడతానని ఇంట్లో అందరికీ చెప్పేశాను. మీ అమ్మ అప్పుడు ఎనిమిదో తరగతి. తెనాలిలో ఒక కొట్టాయన చిలకాకుపచ్చ పాప్లిన్ తానొకటి బల్లమీద పరిచాడు. అప్పడంలా పెళపెళలాడింది. "మంచి సరుకమ్మాయ్, చెయ్యి పెట్టి చూడు" అన్నాడు. చూశాను, మురిశాను. రెండు వేళ్లమధ్య గట్టిగా నలిపి ఉంటే తెల్లటి పొడి రాలేది. నలపలేదు. వెలుతురుకు ఎత్తిపట్టి ఉంటే పోగుల మధ్య సందులు కనబడేవి. అదీ చెయ్యలేదు. డబ్బు మిగులుతుందని లోపల అస్తరుకు నాన్న పాత పంచె వేశాను.

పండగనాడు అందరూ మెచ్చుకున్నారు. మొదటి ఉతుకుకే గంజంతా పోయి పావడా దోమతెరలా తయారైంది. అంతటితో ఆగినా బాగుండేది. పైగుడ్డ కుంచించుకుపోయింది. వంద ఉతుకులు తిన్న పంచె ఇంకెక్కడ కుంచించుకుంటుంది? రెండంగుళాల తెల్లగుడ్డ కిందికి వేలాడింది. నేను ఏడ్చాను. మీ అమ్మ ఒక్క మాట అనలేదు, ఆ ఏడాదంతా అదే కట్టుకుని బడికి వెళ్లింది. రోజూ పొద్దున్నే పెరట్లోకి వెళ్లి, పంచెను పైకి మడిచి పిన్నీసులు పెట్టుకునేదట. ఎనిమిది పిన్నీసులు. ఆ లెక్క నీ బారసాలనాడు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

అందుకే, గుడ్డ ఇంటికి తేగానే కత్తెర ముట్టుకోకు. గుడ్డనూ అస్తరునూ విడివిడిగా రాత్రంతా నీళ్లలో నానబెట్టు, రంగు పోతుందో లేదో పొద్దున నీళ్లే చెబుతాయి. నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి, అప్పుడు కోయి. కుంచించుకుంటుంది కాబట్టి మూడు మీటర్లు కావలసినచోట పావుమీటరు ఎక్కువ తెచ్చుకో. బద్ధకించావంటే నాతో మాట్లాడకు. సరే, మాట్లాడు, కానీ తిట్లు తింటావు.

ఇంకోటి. వంటింట్లో వేసుకునేదైతే అచ్చమైన కాటన్ తప్ప వద్దు. అనుమానంగా ఉంటే అంచునుంచి ఒక పోగు లాగి, నీళ్లగిన్నె మీద పట్టుకుని అగ్గిపుల్లతో కాల్చి చూడు. కాటన్ కాగితం కాలిన వాసనేసి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. ఆ ముద్ద ఒంటికి అంటుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించు. కాటన్‌కూ నిప్పంటుకుంటుందిలే, పొయ్యి దగ్గర వేసుకునేదానికి వదులు చేతులు మాత్రం పెట్టకు. నా భయం నాది.

నా పెద్దకత్తెర మీ అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. దాంతో కాగితం కోశావో, వెనక్కి తీసుకుంటాను. మొదటి డ్రెస్ ఎలా కుదిరినా పారేయకుండా నాకు చూపించు. మిషన్ సొరుగులో పిన్నీసులు మాత్రం పెట్టకు. మీ అమ్మ చూసిందంటే ఆ కథ మళ్లీ మొదలుపెడుతుంది.

మీ పెద్దమ్మ