గాజు మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసి సీఎస్ఐఆర్ జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి ప్రభుత్వమిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంది. వేడిచేసిన సిలికా గాజులోని లోపాలపై నీరు, ఒత్తిడి ఎలా పనిచేస్తాయో పరిశోధిస్తానంటోంది. గాజు మీద అయిదేళ్లా అని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: వద్దండీ. జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న పిల్లను ఇప్పుడు దారి మళ్లించకండి.

మీ ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ సిలికా గాజే. గాజు కడ్డీని దాదాపు 2,000 డిగ్రీల వేడిలో మెత్తబరిచి, 125 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం పోగుగా లాగుతారు. ఆ లాగుడుకి సిలికాన్, ఆక్సిజన్ మధ్య బంధాలు కొన్ని తెగి, గాజు చల్లబడేసరికి అలాగే ఉండిపోతాయి. ఆ తెగిన చోట్లే లోపాలు; అవి కాంతిని కొంత మింగేస్తాయి. హైడ్రోజన్ వెళ్లి అక్కడ చేరితే లోపం మూసుకుంటుంది, కానీ అలా పుట్టిన హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) 1383 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర మళ్లీ కాంతిని పీలుస్తుంది. గాజు మీద సన్నటి పగులుండి, దానిపై లాగుడు ఒత్తిడి పడితే, గాలిలో తేమే పగులు కొసన బంధాలను ఒక్కొక్కటిగా తెంచుకుంటూ పోతుంది. అదే తేమ, తగిన వేడిలో, లాగిపట్టిన ఫైబర్ పైపొరలో ఒత్తిడిని సడలించి దాన్ని మరింత గట్టిపరచగలదు కూడా! ఎప్పుడు మేలు, ఎప్పుడు కీడు అన్నది తేల్చడం చిన్న పని కాదు.

డబ్బు సంగతికొస్తే, మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయల ఫెలోషిప్. ఇంటి అద్దె భత్యం అదనం.

ఉద్యోగాల దగ్గర ఉన్నమాట చెప్పాలి. గాజు పేరుతో వచ్చే నోటిఫికేషన్లు తక్కువే. కోల్‌కతాలో సీజీసీఆర్‌ఐ (కేంద్ర గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ), హైదరాబాద్‌లో లేజర్ల మీద పనిచేసే డీఆర్‌డీఓ ల్యాబ్ చెస్ (CHESS), ఫైబర్ తయారుచేసే హెచ్‌ఎఫ్‌సీఎల్ లాంటివి చూసుకోవాలి. చిప్‌లలోని సిలికాన్ డయాక్సైడ్ (అంటే సిలికా) పొరల్లోనూ ఇలాంటి లోపాలే ఉంటాయి కాబట్టి సెమీకండక్టర్ రంగం వైపూ వెళ్లొచ్చు. లెక్చరర్ పోస్టే కావాలంటే మాత్రం పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన) కూడా అవసరపడొచ్చని ఇప్పుడే అనుకోండి.

ఆమెకు పని తెచ్చిపెట్టేది థీసిస్ పేరు కన్నా చేతికొచ్చిన కొలత విద్య. అందుకే చేరేముందు ఆ ల్యాబ్ సీనియర్లను రెండు విషయాలు అడగమనండి. గాజులోని లోపాలను, బంధాలను కొలిచే ఈఎస్ఆర్, ఎఫ్‌టీఐఆర్, రామన్ పరికరాల మీద విద్యార్థులే కూర్చుని పనిచేస్తారా, లేక శాంపిళ్లు బయటికి పంపి గ్రాఫులు తెప్పించుకుంటారా? గత బ్యాచ్‌ల వాళ్లు ఇప్పుడెక్కడున్నారు? జవాబులు నచ్చకపోతే ఇదే అంశంపై ఇంకో గైడ్‌ని వెతుక్కోవచ్చు. అయితే జేఆర్‌ఎఫ్ గడువు ఎప్పటిదాకా ఉందో అవార్డు లెటర్‌లో ముందే చూసుకోమనండి.