ఘాట్ దిగే ముందు ఆ పసుపు దీపం సంగతి చూడు

చిరంజీవి రవికి, మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన డాష్‌బోర్డు ఫొటో చూశాను. కారు బొమ్మ, దాని వెనక మెలికలు తిరిగిన రెండు గీతలు, పసుపు వెలుగు. మీ ఊరి మెకానిక్ చూసీ చూడగానే "మాడ్యూల్ పోయింది, మార్చాలి" అన్నాడని రాశావు. మాడ్యూల్ అంటే బ్రేకులను నడిపే కంప్యూటర్. ఒక్క చక్రమైనా విప్పకుండా ఆ మాట అన్నాడంటే, నాడి పట్టకుండానే ఆపరేషన్‌కు ముహూర్తం పెట్టాడన్నమాట. అతనికి అడ్వాన్సు ఇవ్వకు. ముందు ఈ ఉత్తరం నిదానంగా చదువు.

ఆ దీపం బండి పక్కకు జారిపోకుండా అదుపులో ఉంచే వ్యవస్థది. దానికి కంపెనీని బట్టి పేరు మారుతుంది: ఈఎస్పీ అంటారు, ఈఎస్సీ అంటారు, వీఎస్సీ అంటారు. బాష్, మెర్సిడెస్ బెంజ్ కలిసి 1995లో దాన్ని కార్లలోకి తెచ్చాయి. నువ్వు స్టీరింగ్‌ను ఎంత తిప్పావో ఒక సెన్సార్ చెబుతుంది. బండి నిజంగా ఎంత తిరుగుతోందో, పక్కకు ఎంత జారుతోందో మరొకటి చెబుతుంది. రెండింటికీ పొంతన కుదరకపోతే కంప్యూటర్ అవసరమైన చక్రానికి మాత్రం బ్రేకు వేసి, ఇంజిన్ జోరు తగ్గించి బండిని దారికి తెస్తుంది. వీటితో పాటు నాలుగు చక్రాల వేగం, బ్రేకు స్విచ్, బ్రేకు ఆయిల్ ఒత్తిడి కూడా దానికి సాక్షులే. ఒక్క సాక్షి తడబడినా జడ్జి విచారణ ఆపేసి దీపం వెలిగిస్తాడు. మీ మెకానిక్ ఇప్పుడు జడ్జినే మార్చమంటున్నాడు.

ఆ దీపం భాష తెలుసుకో. తడిరోడ్డు మీద మలుపులో టపటపా కొట్టుకుంటే వ్యవస్థ పనిచేస్తోందని అర్థం, భయం లేదు. ఆరకుండా వెలిగితే లోపం. కింద 'ఆఫ్' అని అక్షరాలు కనిపిస్తే ముందు ఆ వ్యవస్థను ఆపే మీటను చూడు. మా షెడ్డుకు అలా వచ్చిన ఒక బండిలో పిల్లవాడు చక్కెర పానకం ఒలకబోస్తే మీట లోపలికి అతుక్కుపోయింది. తడిగుడ్డతో పని అయిపోయింది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ దీపంతో పాటు ఎర్రటి బ్రేకు దీపం కూడా వెలిగితే మాత్రం బండి కదపవద్దు. బ్రేకు ఆయిల్ తగ్గి ఉండవచ్చు, లేదా ముందు వెనకల మధ్య బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు కూడా ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు ముందుగా పట్టేసి బండి తోక తిప్పుతుంది.

నీ ఉత్తరంలో నాకు అసలు విషయం చివరి వాక్యంలో దొరికింది. దాన్ని ఏదో చిన్న ఇబ్బందిలా రాశావు. "ఆగబోయే ముందు, పొడి రోడ్డు మీద కూడా, పెడల్ కాలి కింద గరగరమంటుంది మామా" అని. దీపం సగం కథే చెప్పింది, నీ కాలు మిగతా సగం చెప్పింది. నడక వేగానికి వచ్చేసరికి ఒక చక్రం నుంచి వచ్చే సంకేతం తెగిపోతోంది. చక్రం తిరుగుతూనే ఉన్నా కంప్యూటర్ మాత్రం అది బిగుసుకుపోయిందని నమ్మి, బ్రేకు వదులు చేసి, మళ్లీ వేస్తోంది. ఆ గరగర అదే. వాన పడిన మరునాడు ఎక్కువవుతోందని కూడా అన్నావు కాబట్టి నా అనుమానం మొదట ఆ చక్రం వేగం చెప్పే సెన్సార్ మీదో, దాని వైరు మీదో, హబ్‌లో, అంటే చక్రం నడిమి భాగంలో, ఉండే రింగు మీదో పోతోంది.

నీ బండి 2012 నాటిది. ఆ కాలానికి చాలా కార్లలో బేరింగ్ సీలులోనే అయస్కాంతపు రింగు ఇమిడి ఉండేది, దానికి ఎదురుగా సెన్సార్. అంతకు ముందు నాటి బండ్లలో డ్రైవ్ షాఫ్టు మీద పళ్ల రింగు ఉండేది. అది తుప్పు పట్టి ఉబ్బినా, పగిలినా ఇదే గరగర. చక్రం విప్పి, సెన్సార్ తీసి మొన చూడు. బ్రేకు డిస్కు నుంచి రాలిన ఇనుప పొడి నల్లటి మీసంలా అంటుకుని ఉంటుంది. ఎర్రగుంట్ల వైపు తిరిగే బండ్ల హబ్‌లో నాపరాళ్ల పాలిష్ బురద గట్టిపడి కూర్చోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అది అయస్కాంతానికి అంటదు, కానీ సెన్సార్‌కూ రింగుకూ మధ్య చోటు పాడుచేస్తుంది. మెత్తటి బ్రష్‌తో తుడువు, స్క్రూడ్రైవర్‌తో గీకకు. ఈ మధ్య ఎవరైనా బేరింగ్ మార్చారా అని పాత యజమానిని అడుగు. అయస్కాంతపు వైపు లోపలికి, అంటే సెన్సార్ వైపుకు రావాలి. తిప్పి బిగించినా చక్రం హాయిగా తిరుగుతుంది, సంకేతం మాత్రం రాదు.

సెన్సార్ వైరు సస్పెన్షన్ పక్కన వంగే చోట, పైన తొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగి ఉంటుంది. బండి కంప్యూటర్‌కు తగిలించి చదివే స్కానర్‌లో ఆ చక్రం వేగం చూస్తూ ఒకరు చక్రం చేత్తో తిప్పాలి, ఇంకొకరు వైరును మెల్లగా ఊపాలి. అంకె సున్నాకు పడిపోయిన చోటే నీ దొంగ. వైరును కలిపే కప్లర్‌లో ఆకుపచ్చ చిలుము ఉంటే వాన సంగతి అక్కడే తేలిపోయింది. ఇంట్లో వేరుశనగ బస్తాల పక్కన బండి పెడతావని మీ అమ్మ చెప్పింది. ఎలుకలకు వేరుశనగ దొరక్కపోతే వైర్లు సరిపోతాయి, అది కూడా చూడు. ఇంకొక మాట: ఈ కొత్తరకం సెన్సార్లను మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి కొలవకు. పాత రకంలో సుమారు వెయ్యి ఓమ్స్ చూసి మంచీచెడూ చెప్పేవాళ్లం, కొత్తవాటికి ఆ లెక్క పనికిరాదు.

స్కానర్ అన్నాను గనుక చెబుతున్నాను. ఆన్‌లైన్‌లో దొరికే చవక రకం చాలామటుకు ఇంజిన్ కోడ్లే, అంటే ఇంజిన్ లోపాల గుర్తులే, చదువుతుంది. నీకు ఏబీఎస్ కంప్యూటర్‌లోకి వెళ్లగలిగేది కావాలి. కోడ్లు చెరిపేయక ముందే కాగితం మీద రాసుకో. ముందు చెరిపేసి తరువాత వెతికేవాడు కాళ్ల గుర్తులు తుడిచి దొంగను వెతుకుతున్నాడు. ఆపై ఖాళీ మైదానంలో ముప్పై కిలోమీటర్ల వేగంతో తిన్నగా వెళ్లు, పక్కన కూర్చున్నవాడు నాలుగు చక్రాల అంకెలు చూడాలి. మూడు ఒకలా, ఒకటి వేరుగా ఉంటే చక్రం దొరికింది. మలుపులో బయటి చక్రాలు ఎక్కువ చూపించడం సహజం, దానికి కంగారుపడకు. సమతల నేలపై ఆగి ఉన్నప్పుడు బండి తిరిగే వేగం, పక్కకు జారే తీరు చూపే అంకెలు సున్నా దగ్గర ఉండాలి. తిన్నగా వెళ్తున్నప్పుడు స్టీరింగ్ కోణం కూడా సున్నా దగ్గరే ఉండాలి. చక్రాల అలైన్‌మెంట్ చేయించాక స్టీరింగ్ కోణాన్ని మళ్లీ సరిచేయని బండ్లు బోలెడు.

ఇవన్నీ చెప్పే నేనే ఒకసారి పప్పులో కాలేశాను. మీ అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇలాంటి బండే, గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు దీపం వెలిగేది, చదును రోడ్డులో ఆరిపోయేది. కోడ్ చూస్తే బ్రేకు ఒత్తిడి సంకేతం పొసగడం లేదని వచ్చింది. ఆ ఒత్తిడి కొలిచే సెన్సార్ ఆ బండిలో బ్రేకు ఆయిల్‌ను నెట్టే పంపు యూనిట్ లోపలే ఉంటుంది. బ్రేకు తొక్కగానే వెనక దీపాలు వెలుగుతున్నాయి, కనుక బ్రేకు స్విచ్ మంచిదని, యూనిట్టే పోయిందని తేల్చేశాను. బెంగళూరు నుంచి సెకండ్‌హ్యాండ్ యూనిట్ తెప్పించి, బిగించి, బ్రేకు ఆయిల్‌లో గాలి తీసి, ఆ బండికి సరిపడేలా కోడింగ్ చేయించాను. మూడో రోజు మళ్లీ దీపం. రెండు రోజులు నిద్ర పట్టలేదు. చివరికి తేలిందేమిటంటే ఆ స్విచ్‌లో రెండు జతల కాంటాక్టులున్నాయి. ఒకటి దీపాలకు, రెండోది కంప్యూటర్‌కు. మొదటిది మంచిదే, రెండోది అప్పుడప్పుడు పట్టేది కాదు. పెడల్ తొక్కలేదని స్విచ్, ఒత్తిడి ఉందని పంపు, ఇద్దరి మాటలకూ పొంతన లేదు. ఘాట్‌లో బ్రేకు ఎక్కువ వాడతాం కాబట్టి అక్కడే బయటపడేది. కొన్ని వందల రూపాయల స్విచ్. బండి యజమానికి కూలి డబ్బు తిరిగి ఇచ్చేశాను, యూనిట్ ఖర్చు మాత్రం ఆయన నెత్తిన పడింది. ఇప్పటికీ ఆయన బండి ఎదురైతే తల వంచుకుంటాను. కోడ్ ఫిర్యాదు ఎక్కడ నమోదైందో చెబుతుంది, నేరస్తుడి పేరు చెప్పదు.

బ్యాటరీ మాట మరచిపోయేవాణ్ణి. వోల్టేజీ పడిపోతే ముందుగా కళ్లు తిరిగేది ఈ కంప్యూటర్‌కే. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తుంటే 14కు అటూ ఇటూ ఉండాలి. ఎర్త్ కేబుల్ బోల్టులు విప్పి గీకి బిగించు, ఫ్యూజులు చూడు. వేరే సైజు టైరు ఒక్కటి వేసినా చక్రాల వేగాల లెక్క తప్పుతుంది.

ఈ బండి ఎక్కడిది? 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ల మీద పడ్డప్పుడు మునిగిన వాహనాలు కొన్ని నా దగ్గరకు వచ్చాయి. బండి తిరిగే తీరు కొలిచే సెన్సార్ చాలా బండ్లలో గేరు దగ్గర నేల మీదే బిగించి ఉంటుంది, బురద ముందు చేరేది దాని దగ్గరకే. కార్పెట్ ఎత్తి వాసన చూడు. మన్ను దొరికితే నాకు ఫోను చెయ్యి, అప్పుడు లెక్క వేరు.

మరమ్మతు అయ్యాక దీపం వెంటనే ఆరకపోతే గాభరాపడకు. చాలా బండ్లు కొంత దూరం నడిచి, చక్రాల సంకేతాలన్నీ సరిచూసుకున్నాకే ఆర్పుతాయి. దీపం బల్బు పీకేసి "సరిచేశాను" అనేవాళ్లు ఉన్నారు. తాళం తిప్పినప్పుడు ఆ దీపం కొద్ది క్షణాలు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే మోసమేమో అనుమానించు.

అంతవరకు ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో రా, లారీ వెనక తొందరపడకు. ఆదివారం వస్తే మా షెడ్డులో స్కానర్ ఉంది, కోడ్లు రాసిన కాగితం తేవడం మరవకు. గువ్వలచెరువులో ఎలాగూ ఆగుతావు కాబట్టి పాలకోవా ఒక కిలో తీసుకురా. మీ అత్తకు షుగర్ ఉంది, అందుకే డబ్బా నాకు షెడ్డులోనే ఇవ్వు.

నీ మామ