పుట్టింటి పేరు దొరకని ముత్తవ్వ

చి. ల. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

1700 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో బతికిన, మీ అత్తగారి వైపు ఎన్నో తరాల కిందటి ముత్తవ్వ పుట్టింటివాళ్ళెవరో తెలియట్లేదని రాశావు. ఆవిడ పేరుతో వెతకడం ఆపు. పెళ్ళైన స్త్రీకి ఆ రోజుల్లో విడిగా ఆస్తి హక్కు దాదాపు లేదు. కాబట్టి ఆవిడ జాడ మగవాళ్ళ ఆస్తి కాగితాల్లోనే ఉంటుంది.

ముందు ఊరి పెళ్ళిళ్ళ రికార్డు చూడు. అక్కడ చాలా ఊళ్ళవి 1850 దాకా అక్షర క్రమంలో అచ్చయ్యాయి. పెళ్ళి నమోదైతే ఇంటిపేరు దొరుకుతుంది. కానీ ఆవిడ అప్పటికే వితంతువైతే అది మొదటి భర్త ఇంటిపేరు, పుట్టింటిది కాదు. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. పేరు ముందు 'మిసెస్' ఉన్నంత మాత్రాన వితంతువు అనుకోకు. గౌరవం గల ఇంటి పెళ్ళికాని పిల్లకీ అలా రాసేవాళ్ళు.

తర్వాత పిల్లల పుట్టిన తేదీలు వరసగా రాసుకో. సాధారణంగా రెండేళ్ళ ఎడం ఉంటుంది. మధ్యలో ఐదారేళ్ళ ఖాళీ వచ్చినా, తల్లికి యాభై దాటాక బిడ్డ పుట్టినట్టున్నా రెండో భార్య ఉందేమో చూడాలి.

అసలు నిధి వీలునామాలు. ఆ ఊళ్ళోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఆవిడకి తండ్రి కాగల వయసున్న వాళ్ళందరివీ చదువు. 'నా కూతురు ఫలానా, ఫలానావాడి భార్య' అన్న ఒక్క వాక్యం చాలు. కూతురికి ఐదు షిల్లింగులే రాశాడని కోపంతో వెళ్ళగొట్టాడనుకోకు. మన దగ్గర పసుపు కుంకుమల కింద ఇచ్చినట్టే, పెళ్ళప్పుడే ఆమె వాటా ఇచ్చేసి ఉంటాడు. తండ్రి వీలునామా రాయకుండానే చనిపోతే ఇంకా మేలు: పంపకాల కాగితాల్లో పిల్లలందరి పేర్లూ వస్తాయి. భార్యకి భూమిలో మూడో వంతు జీవితకాలం అనుభవించే హక్కు, పెద్దకొడుక్కి రెండు వాటాలు, మిగతావాళ్ళకి తలా ఒకటి. ఐదుగురు పిల్లలుంటే ఆరు వాటాలన్నమాట. లెక్క కుదరకపోతే ఒక పేరు నీ కంట పడలేదని అర్థం.

అప్పటికీ దొరక్కపోతే భూమి దస్తావేజులు. భార్యకి పుట్టింటి నుంచి వచ్చిన భూమిని భర్త ఒక్కడే శాశ్వతంగా అమ్మలేడు, ఆవిడ సంతకమో వేలిముద్ర లాంటి గుర్తో కావాలి. ఆ అమ్మకం తండ్రి పోయిన ఇరవై ముప్పై ఏళ్ళకి జరగొచ్చు. సూచికలో మొదటి అమ్మకందారు పేరే ఉండి మిగతావాళ్ళు 'వగైరా'లో కలిసిపోతారు కాబట్టి, అన్నదమ్ములు కాగలవాళ్ళ పేర్లతోనూ వెతుకు. ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్రల వెబ్‌సైట్‌లో ఈ దస్తావేజుల చిత్రాలు ఉచితంగా చూడొచ్చు.

చుట్టరికాల మాటలు జాగ్రత్త. మనకి మేనకోడలికీ, అన్న కూతురికీ వేరే మాటలున్నాయి. వాళ్ళు 'కజిన్' అని మేనల్లుణ్ణీ, మేనకోడల్నీ కూడా అనేవాళ్ళు. 'డాటర్ ఇన్ లా' అంటే సవతి కూతురు కావచ్చు. 'జూనియర్' అంటే కొడుకనే లేదు, ఊళ్ళో అదే పేరున్న చిన్నవాడు కావచ్చు.

1752కి ముందు వాళ్ళ సంవత్సరాది మార్చి 25. అందుకే 1702/3 ఫిబ్రవరి అని రాసి ఉంటుంది. మన లెక్కకి అది 1703. ఇది సరిచూసుకోకపోతే పెళ్ళికి ముందే బిడ్డ పుట్టినట్టు కనబడుతుంది.

ఇంటర్నెట్‌లో ఎవరో కట్టిన వంశవృక్షంలో తల్లి పేరు కనబడితే, దానికి ఏ కాగితం ఆధారమో చూడు. ఆధారం లేకపోతే ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంచు.

ఇట్లు,
పెదనాన్న