తాతగారి మేడను వారసత్వ కట్టడంగా గుర్తిస్తే మా హక్కు పోతుందా?

ప్రశ్న: హనుమకొండలో మా తాతగారు కట్టించిన మేడ ఉంది. పొడవైన సన్నని కిటికీలు, వాటిపై కమానులు, చూరు కింద చెక్కిన బ్రాకెట్లు చూసి ఇది ఇటలీ శైలి అంటున్నారు. వారసత్వ కట్టడంగా గుర్తిస్తే ఇల్లు ప్రభుత్వపరమవుతుందని మా అన్నదమ్ములు భయపడుతున్నారు. రెండేళ్ల క్రితం వేయించిన సిమెంటు పూత అప్పుడే పెచ్చులూడుతోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు చెప్పిన ఆనవాళ్లు ఇటాలియనేట్ శైలివే. ఇటలీ పల్లెల్లోని మేడలను చూసి జాన్ నాష్ అనే వాస్తుశిల్పి 1802 ప్రాంతంలో ఇంగ్లండులో మొదలుపెట్టిన ఈ పద్ధతి తరువాత అమెరికాకూ పాకింది. మన హైదరాబాదులో 1884లో పునాది పడిన ఫలక్‌నుమాలోనూ ఇటలీ పోకడలు కనిపిస్తాయి.

ఇక హక్కు సంగతి. వరంగల్ కోట చుట్టుపక్కల ఇల్లు కట్టుకోబోయి ఇబ్బంది పడినవారిని చూసి మీవారికి ఈ భయం కలిగి ఉండవచ్చు. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణాలను నిషేధించిన నిబంధన అది; దానికీ, ఇంటిని స్వాధీనం చేసుకోవడానికీ సంబంధం లేదు. ఆ నిబంధన ఉన్న 1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టంలో సైతం, కట్టడాన్ని రక్షితంగా ప్రకటించాక యజమానితో ఒప్పందం చేసుకుని యాజమాన్యాన్ని వారి వద్దే ఉంచే వీలుంది. మీరు ఆశ్రయించవలసింది తెలంగాణ 2017లో తెచ్చిన వారసత్వ చట్టాన్ని. గుర్తింపు వస్తే, కూల్చడానికైనా మార్చడానికైనా ముందుగా అనుమతి తీసుకోవలసి ఉంటుంది. ఆ మేడ నిలవాలని కోరుకునేవారికి అది భారం కాదని నా అభిప్రాయం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం ఆ సిమెంటు పూత. ఆ కాలపు గోడలను సాధారణంగా డంగు సున్నంతో కట్టేవారు. ఇసుక కలిపిన సున్నాన్ని గానుగలో మెత్తగా నూరి, చాలాచోట్ల కరక్కాయ, బెల్లం నీళ్లు కూడా కలిపేవారు. అలాంటి గోడ నేల నుంచి పీల్చుకున్న తేమను సున్నపు పూత గుండా బయటికి వదులుతుంది. పైన సిమెంటు పరిస్తే ఆ దారి మూసుకుపోయి తేమ లోపలే నిలుస్తుంది, దానితోపాటు వచ్చిన ఉప్పు పూత వెనుక పేరుకుని దాన్ని బయటికి నెడుతుంది. మోకాలి ఎత్తున గోడను వేలితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చి, ఊడిన పెచ్చు వెనుక తెల్లని పొడి కనిపిస్తే కారణం ఇదే.

పూతను ఒక్కసారిగా చెక్కించకండి, ఇటుక దెబ్బతింటుంది. ముందు మిద్దె మీది నీరు పోయే గొట్టాలను బాగుచేయించి, గోడ ఆరాక వదులైన చోట్ల మాత్రమే తీయించి, సున్నం పని తెలిసిన మేస్త్రీతో పూయించండి. దానికన్నా ముందే ప్రతి కిటికీనీ, ప్రతి బ్రాకెట్టునూ ఫొటో తీయించి, ఇంటి పాత కాగితాలతో కలిపి కలెక్టరు కార్యాలయానికీ, రాష్ట్ర వారసత్వ శాఖకూ దరఖాస్తు ఇవ్వండి. అన్నదమ్ములందరి సంతకాలూ దానిపై ఉండేలా చూసుకోండి.