చూపు తక్కువున్న కుర్రాడికి ఉద్యోగ శిక్షణ అంటే కంప్యూటర్ కోర్సు ఒక్కటేనా?

అడిగిన ప్రశ్న ఇది: "మాది కావలి దగ్గర పల్లె. తమ్ముడికి ఇరవై రెండేళ్లు, బీకాం అయిపోయింది. పుట్టుకతోనే ఒక కన్ను కనపడదు, రెండో కంటికి మసక. మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేయిస్తే ఉద్యోగం వస్తుందా? మా వైపు ఎక్కడ మొదలుపెట్టాలి?"

కోర్సు చేయించండి, కానీ అది సగం పనే. చూపులేని పిల్లలు ఉద్యోగంలో చేరిన నెలకే ఇంటికి తిరిగొచ్చేది చాలాసార్లు కంప్యూటర్ రాక కాదు. బస్టాండు నుంచి ఆఫీసుకు ఒక్కరే పోలేక, హాస్టల్లో తమ పని తాము చేసుకోలేక, "ఇది నాకు కనపడదు సార్, ఇట్టా పంపితే చేస్తాను" అని నోరు తెరిచి అడగలేక వచ్చేస్తారు.

ముందు కాగితాలు చూసుకోండి. వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్, వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ రెండూ చేతిలో ఉండాలి. ఒక కన్ను పోయి రెండోది బాగా ఉంటే 30 శాతమే వేస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద రిజర్వేషన్ కావాలంటే కనీసం 40 శాతం ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్న 4 శాతం కోటాలో 1 శాతం అంధులకు, చూపు తక్కువవాళ్లకు కలిపి. మీ తమ్ముడికి రెండో కంటి చూపు ఎంతుందన్నదే లెక్క కాబట్టి, సదరం క్యాంపులో అద్దాలు పెట్టి బోర్డు చదివించడమే కాకుండా చూపు ఎంత వెడల్పు పరుచుకుంటుందో కొలిచే ఫీల్డ్ టెస్టు కూడా అడగండి. దూరం బోర్డు బాగానే చదివి, పక్కనున్న మనిషిని గుద్దుకునే పిల్లలకు శాతం మారేది ఆ టెస్టుతోనే.

ఆ తర్వాత లో విజన్ క్లినిక్, అంటే ఉన్న కొద్దిపాటి చూపును ఎట్టా వాడుకోవాలో చూసి చెప్పే చోటు. మామూలు అద్దాల షాపు కాదు. విజయవాడ దగ్గర తాడిగడపలోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఈ సేవ ఉంది. భూతద్దం కొనేముందే పోయి రండి. చుట్టుపక్కల చూపు పోయి మధ్యలో సన్నగా కనపడే పిల్లలకు అక్షరం పెద్దది చేసేకొద్దీ ఆ సందులో పట్టేది తగ్గిపోతుంది, చదవడం ఇంకా కష్టమవుతుంది. మధ్య చూపు పోయినవాళ్లకు పెద్ద అక్షరం మేలు. వెలుతురు పడనివాళ్లకు నల్ల తెర మీద తెల్ల అక్షరాలు మేలు. విండోస్‌లో విండోస్ కీతో పాటు ప్లస్ నొక్కితే తెరను పెద్దది చేసి చూపే మాగ్నిఫైయర్ వస్తుంది, కంట్రోల్, ఆల్ట్, ఐ కలిపి నొక్కితే రంగులు తిరగబడతాయి, విండోస్ కీ, ఎస్కేప్ నొక్కితే పోతుంది.

కొంచెం కనపడే పిల్లలతోనే చిక్కెక్కువ. కనపడుతుందని చెప్పుకోడానికి ముక్కు తెరకి ఆనించి చదువుతారు. గంట బాగానే గడుస్తుంది, మూడో గంటకి మెడనొప్పి, తలనొప్పి, అంకెల్లో తప్పులు. ఎనిమిది గంటల డ్యూటీకి అది నిలవదు. తెర మీద వాక్యాన్ని కూడబలుక్కుని చదువుతుంటే కంటిని చిన్న పనులకు ఉంచి, చదవడాన్ని చెవికి అప్పజెప్పాలి. ఇది వాళ్లు ఒప్పుకోడానికే నెల పడుతుంది, తొందర పెట్టకండి.

చెవికి కావాల్సింది స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. వాటిలో ఎన్‌వీడీఏ అనేది ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు మొదలుపెట్టాడు. కొనే సాఫ్ట్‌వేర్ల జోలికి ఇప్పుడే పోవద్దు. మొదటి మూడు నాలుగు వారాలు మౌస్ తీసేసి టైపింగ్ ఒక్కటే, రోజుకు గంట. ఎఫ్, జె కీల మీద చిన్న గీతలు తగులుతాయి, చూపుడువేళ్లు అక్కడే ఉండాలి. ఎన్‌వీడీఏ కీ (ఇన్సర్ట్) పట్టుకుని 1 నొక్కితే, ఆ తర్వాత ఏ కీ నొక్కినా దాని పేరు చెబుతుంది, పని మాత్రం చేయదు. భయం పోవడానికి అదే మంచి ఆట.

నేర్పేటప్పుడు పదేపదే ఎదురయ్యే ఫిర్యాదులు నాలుగు.

"కంప్యూటర్ మూగబోయింది." నూటికి తొంభై సార్లు ఇన్సర్ట్, ఎస్ కలిపి తగిలి స్పీచ్ ఆగి ఉంటుంది. మళ్లీ అవే నొక్కుతూ పోతే తిరిగొస్తుంది. హ్యాంగ్ అయిందనుకుని పవర్ బటన్ నొక్కేసి ఫైలు పోగొట్టుకుంటారు.

"ఫారంలో పేరు కొడితే ఎక్కడెక్కడికో దూకుతోంది." వెబ్ పేజీలో హెచ్ నొక్కితే హెడింగుకి, కె నొక్కితే లింకుకి, ఎఫ్ నొక్కితే ఫారం గడికి పోతుంది. అది చదివే పద్ధతి. రాయాలంటే ఇన్సర్ట్, స్పేస్ నొక్కి మారాలి. మారినప్పుడు శబ్దం తేడా వస్తుంది, ఆ తేడా చెవికి పట్టేదాకా ఒకే ఫారం పదిసార్లు నింపించాలి.

"కర్సర్ దానంతటదే గెంతుతోంది." టైపు చేసేటప్పుడు అరచేయి టచ్‌ప్యాడ్‌కి తగులుతోంది, దాన్ని ఆపేయండి.

"తెలుగు చదవడం లేదు, పిచ్చి అక్షరాలు పలుకుతోంది." ఇది మన ప్రాంతంలో బాగా ఉంది. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో కొట్టిన ఫైలు కంటికి తెలుగులా ఉంటుంది, లోపల మాత్రం తెలుగు అక్షరాలు ఉండవు. స్క్రీన్ రీడర్‌కి వినిపించేది చెత్తే. యూనికోడ్‌లోకి, అంటే లోపల కూడా నిజం తెలుగు అక్షరాలుండే పద్ధతిలోకి మార్చి పంపమని అడగాలి. స్కాన్ చేసిన జీవోలు, సర్క్యులర్లు బొమ్మలే కాబట్టి వాటికి అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్ కావాలి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే తెలుగు చాలావరకు వస్తుంది, ఒత్తులు, పట్టికలు మాత్రం సరిచూసుకోవాలి.

ఎక్సెల్ దగ్గర ఎక్కువ రోజులు ఉండండి, బీకాం పిల్లవాడికి అన్నం పెట్టేది అదే. పుస్తకంలో లెక్కలు కాకుండా నిజం పనిలాంటిది ఇవ్వండి. నలభై వరసల షీటు: విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల మేత డీలర్లు, ఫోను నెంబరు, బాకీ, ఆఖరిసారి మాట్లాడిన తేదీ. పదివేలు పైన బాకీ ఉన్నవాళ్లను ఫిల్టర్ చేసి (కంట్రోల్, షిఫ్ట్, ఎల్ తో ఫిల్టర్ పెట్టి, ఆల్ట్, కింది బాణంతో తెరవాలి), ఒక్కొక్కరితో మాట్లాడినట్టు నటిస్తూ పక్క గడిలో నోట్ రాయాలి. తేదీకి కంట్రోల్, సెమీకోలన్ చాలు. గడులు కలిపేసిన షీటు ఇస్తే ఏ గడి ఏ హెడింగు కిందిదో వినేవాడికి తెలియదు. "కలిపిన గడులు విడగొట్టి ఇస్తారా" అని అడగడం కూడా ఈ పాఠంలోదే.

ఫోన్లో మాట్లాడే ఉద్యోగాలకైతే రెండు గొంతులు ఒకేసారి వినే సాధన కావాలి. కుడిచెవికి మైకున్న ఒంటిచెవి హెడ్‌సెట్లో కస్టమరు, ఎడమచెవికి చిన్న ఇయర్‌ఫోన్లో ఎన్‌వీడీఏ. ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో ఆడియో కింద శబ్దం ఏ పరికరానికి పోవాలో విడిగా ఎంచుకోవచ్చు. స్పీకర్లో వదిలేస్తే తెర గొణుగుడంతా కస్టమరుకి వినపడుతుంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ వేరే సర్వర్ మీద నడిచి, మన తెర మీదికి దాని బొమ్మ మాత్రమే వస్తే ఎన్‌వీడీఏ ఏమీ చదవదు. 2025.1 వెర్షన్ నుంచి రిమోట్ సౌకర్యం దాన్లోనే ఉంది, కానీ అవతలి కంప్యూటర్లో కూడా ఎన్‌వీడీఏ ఉండాలి, దానికి వాళ్ల ఐటీ వాళ్ల అనుమతి కావాలి. చేరిన రోజు కాదు, ఇంటర్వ్యూ రోజే అడగాల్సిన సంగతి.

ఇక నడక. తెల్ల కర్ర పొడవు నిటారుగా నిలబడితే రొమ్ము ఎముక దాకా రావాలి. ఎడమ కాలు ముందుకు పడేటప్పుడు కొస కుడిపక్క తాకాలి, కుడి కాలికి ఎడమపక్క. ఊపు భుజాల వెడల్పు కంటే రెండు పక్కలా రెండేసి వేళ్లు ఎక్కువ. అందరూ చేసే తప్పు ఒకటే: కర్ర పట్టిన చెయ్యి బొడ్డు ముందునుంచి జారి నడుం పక్కకి పోతుంది. అప్పుడు రెండోవైపు ఖాళీ, మనిషి తెలియకుండానే పక్కకి వాలి నడుస్తాడు, మన రోడ్లలో ఆ పక్కన మూతలేని కాలువ ఉంటుంది. కర్ర నేలను చెబుతుంది, నడుం పైన ఉన్నవి చెప్పదు. కరెంటు స్తంభానికి ఏటవాలుగా కట్టిన స్టే వైరు, బడ్డీకొట్టు రేకు అంచు, బైకు హ్యాండిలు ఛాతీకి, మొహానికి తగులుతాయి. అనుమానం ఉన్నచోట రెండో చెయ్యి మోచేయి మడిచి మొహానికి జానెడు ముందు అడ్డం పెట్టుకోవాలి.

కావలి బస్టాండు నుంచి నెల్లూరులో ఒక ఆఫీసు దాకా ఒక దారిని తీసుకోండి. మూడుసార్లు తోడు, మూడుసార్లు పదడుగులు వెనక, తర్వాత ఒక్కడే. గుర్తులు కదలనివి ఉండాలి: సిమెంటు రోడ్డు పోయి తారు మొదలయ్యే చోటు, ర్యాంపు, మెట్టు. టీకొట్టు వాసనను గుర్తు పెట్టుకుంటే ఆదివారం దారి తప్పుతాడు, ట్రాన్స్‌ఫార్మర్ మోత పెట్టుకుంటే కరెంటు పోయిన రోజు తప్పుతాడు. తోడు వెళ్లేవాళ్లు అతని చెయ్యి పట్టి లాగకూడదు, అతనే మీ మోచేతికి పైన పట్టుకుని అరడుగు వెనక నడవాలి.

ఇంట్లో చేయించాల్సినవి చిన్నవే. కంచంలో గడియారం పద్ధతి: పప్పు పన్నెండు దగ్గర, కూర మూడు దగ్గర అని చెప్పి వదిలేయండి, కలిపి పెట్టొద్దు. నోట్ల పొడవు నేర్పండి: పదికి 123 మిల్లీమీటర్లు, వందకి 142, రెండొందలకి 146, అయిదొందలకి 150. వందకీ రెండొందలకీ నాలుగు మిల్లీమీటర్లే తేడా కాబట్టి వాటిని వేర్వేరు అరల్లో పెట్టాలి. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన మనీ (MANI) యాప్ నెట్ లేకపోయినా నోటు విలువ చెబుతుంది.

సంతకానికి పాత శుభలేఖ అట్ట తీసుకుని 8 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల ఎత్తు కిటికీ కత్తిరించండి. ఎత్తు సెంటీమీటరే ఉంచితే ఇంగ్లీషుకి సరిపోతుంది, తెలుగు సంతకంలో ఒత్తులు కింది అంచుకి తగిలి పెన్ను ఆగుతుంది. రోజుకు ఇరవై సంతకాలు, ఒకేలా వచ్చేదాకా. జీతం ఖాతా అతని పేరు మీదే ఉండాలి. జాయింట్ ఖాతా అయితేనే ఇస్తామనే బ్రాంచీ తగిలితే, చూపులేనివాళ్లకు చెక్కుబుక్కు, ఏటీఎం కార్డు నిరాకరించకూడదన్న రిజర్వ్ బ్యాంకు ఆదేశం గురించి గుర్తుచేయండి.

ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చే ప్రశ్న "కనపడకుండా ఎట్టా చేస్తావు?" దీనికి ఉపన్యాసం వద్దు. "స్క్రీన్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంది సార్, కంపెనీకి ఖర్చు లేదు. మీ షీటు ఒకటి ఇవ్వండి, చేసి చూపిస్తా" అంటే చాలు. ల్యాప్‌టాప్ చార్జింగ్ నిండా ఉండాలి. ఎన్‌వీడీఏ గొంతు అతను రోజూ వినే వేగంలో పెడితే ఎదుటివాళ్లకు గోలలా వినిపిస్తుంది, ముందే తగ్గించి పెట్టుకోవాలి. గొంతు వచ్చే వైపు మొహం తిప్పడం, ఊగకుండా కూర్చోవడం, కన్ను నలపకుండా ఉండడం ఇంట్లోనే అలవాటు చేయండి. నలుగురిలో "ఊగొద్దు" అనకుండా, టేబుల్ మీద రెండుసార్లు తట్టే గుర్తు ఒకటి పెట్టుకోండి.

బ్యాంకు పరీక్షలకూ కూర్చోబెట్టండి. రాసిపెట్టే మనిషితో రాస్తే గంటకు 20 నిమిషాలు అదనం. ఆ మనిషి ఎవరు తేవాలి, చదువు ఎంత ఉండాలి అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్లో చూసుకోవాలి. ఒకరినే పెట్టుకుని కనీసం పది మాక్ టెస్టులు రాయించండి. పట్టికను ఏ వరసలో చదివి వినిపించాలో ఇద్దరికీ ముందే కుదరకపోతే ఆ 20 నిమిషాలూ అక్కడే పోతాయి.

శిక్షణ కోసం ముందుగా నెల్లూరులోని సీఆర్‌సీలో అడగండి, అది వికలాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే కేంద్రం. ల్యాప్‌టాప్, టచ్ ఫోను లాంటి పరికరాలకు జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో దరఖాస్తు. దూరం పంపగలిగితే బెంగళూరులో ఎనేబుల్ ఇండియా అనే శిక్షణ సంస్థ ఉంది. ఎక్కడ చేర్చినా ముందు ఒక పూట పోయి చూడండి: మౌస్ పక్కన పెట్టి, మానిటర్ ఆపి నేర్పుతున్నారా? కర్రతో రోడ్డు మీదికి తీసుకెళ్తున్నారా? అక్కడ నేర్చుకుని చేరి ఆరు నెలలు దాటిన ముగ్గురితో ఫోన్లో మాట్లాడించమని అడగండి. "ప్లేస్‌మెంట్ నూటికి నూరు" అని చెప్పి ముగ్గురిని చూపించలేకపోతే ఫీజు కట్టొద్దు.