గుహలో హీరో, డ్యూటీలో మనం: గేమ్స్ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: అన్నా, మాది గాజువాక. షిఫ్ట్ డ్యూటీ, కూర్చుని ఆడే టైమ్ ఉండదు, అందుకే నాలుగు నెలల క్రితం ఒక ఐడిల్ గేమ్, అంటే మనం ముట్టుకోకపోయినా తనంతట తానే నడిచేది, ఎక్కించాను. హీరో డంజన్‌లోకి, అదే రాక్షసుల గుహలోకి దిగి వాడంతట వాడే కొట్టుకుంటాడు, ఫ్లోర్ అయ్యాక బలం పెంచే మూడు కార్డులు చూపిస్తే నేనొకటి తీసుకోవాలి. చస్తే మళ్లీ మొదటి ఫ్లోరే, కాకపోతే బంగారం మిగుల్తుంది, దాంతో కత్తీ కవచం పెంచుకోవచ్చు. మొదటి నెల పిచ్చెక్కిపోయింది. ఇప్పుడేటంటే 40వ ఫ్లోర్ దగ్గర ఏ కార్డు తీసినా చస్తున్నాడు. తేడా నాలోనా, గేమ్‌లోనా?

జవాబు: తమ్ముడూ, తేడా నీలో తక్కువే. ఆ గేమ్‌లో ఒకదానికొకటి పడని రెండు రకాల సరదాని, రోగ్‌లైక్‌నీ ఐడిల్‌నీ, ఒకే ఇంట్లో కాపురం పెట్టించారు. రోగ్‌లైక్ అనే పేరు 1980 నాటి రోగ్ అనే కంప్యూటర్ గేమ్ నుంచి వచ్చింది, అక్షరాలతోనే గీసిన గుహ, హీరో అంటే ఈమెయిల్ అడ్రస్ మధ్యలో వచ్చే యాట్ గుర్తు, అంతే. గుహ ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది, చస్తే సంపాదించిందంతా పోతుంది. వైకుంఠపాళిలో పై వరస దాకా వచ్చాక పెద్ద పాము నోటి ముందు గవ్వలు వేసేటప్పుడు గుండె ఎలా కొట్టుకుంటుందో అదే దీని కిక్కు. ఐడిల్ గేమ్ దీనికి పూర్తిగా రివర్స్, అక్కడ పోవడం అనేదే లేదు, నెలనెలా చీటీ కట్టినట్టు పెరుగుతూ ఉంటుంది. కాకపోతే ఖర్చూ దాంతోపాటే ఎక్కుతుంది: 2013లో వచ్చిన కుకీ క్లిక్కర్ అనే ఐడిల్ గేమ్‌లో కుకీలు చేసిపెట్టే ఒక్కో బిల్డింగ్ కొన్నకొద్దీ తర్వాతి దాని ధర 15 శాతం పెరుగుతుంది, పది కొంటే నాలుగు రెట్లు, యాభై కొంటే వెయ్యి రెట్లు పైనే.

ఈ రెండూ కలిస్తే లాభం లేకపోలేదు. ఉత్త ఐడిల్ గేమ్‌కి మొదలుంటుంది గానీ ఎక్కడ ఆపాలో తెలీదు, మధ్యలో చావు పెట్టేసరికి ఒక్కో రన్‌కీ, అంటే దిగినప్పటి నుంచి చచ్చేదాకా ఆడే ఒక్కో ఆటకీ, ఒక కథ వస్తుంది. విషం కార్డులన్నీ ఒకేసారి పడి తుప్పు కత్తితో కూడా లోతుకి వెళ్లిపోయిన రోజు నీకూ ఒకటి ఉండే ఉంటుంది, అది ఉత్త ఐడిల్ గేమ్‌లో రాదు. పైగా చచ్చినా బంగారం మిగుల్తుంది కాబట్టి బస్సులో నిలబడి ఆడినా ఏడుపు రాదు.

ఇక నీ 40వ ఫ్లోర్ సంగతి. ఇలాంటి గేముల్లో చాలావాటికి కార్డు కూడికలా పనిచేస్తుంది, ఫ్లోర్ హెచ్చవేతలా పనిచేస్తుంది. రాక్షసుల బలం ఫ్లోర్‌కి పదిశాతమే పెరుగుతుంది అనుకో, నలభై మెట్లు దిగేసరికి 45 రెట్లు అయిపోతుంది, నీ కార్డేమో ఐదో పదో కలిపి ఊరుకుంటుంది. అంటే అక్కడ నిన్ను దాటించేది తెలివి కాదు, పోగైన బంగారం, బంగారం అంటే రోజులు. ఆ రోజుల్నే వాళ్లు నీకు అమ్ముతారు. గేమ్ మూసి ఉన్నప్పుడు బంగారం పోగయ్యే ఆఫ్‌లైన్ పెట్టె ఎనిమిది గంటలకి నిండిపోయేలా పెడతారు కొన్నింట్లో, డ్యూటీ ఎనిమిది గంటలైనా రానూపోనూ కలిపి నీకు పది అవుతుంది, మిగతా రెండు గంటలూ వృథా, దాని పక్కనే యాడ్ చూస్తే డబుల్ అని బటన్. షిఫ్ట్ చేసేవాడి చేత ఇంకో షిఫ్ట్ చేయించడమే ఇది, నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఒక టెస్ట్ చెయ్యి. ఐదు రన్‌లు కళ్లు మూసుకుని ఎప్పుడూ ఎడమ కార్డే తియ్యి, ఇంకో ఐదు బుర్ర పెట్టి ఆడు, మధ్యలో బంగారం మాత్రం ఖర్చుపెట్టకు. రెండు సార్లూ అక్కడక్కడే చస్తే కార్డులు పెళ్లిలో కాగితం పూలు, తీసెయ్యి గేమ్. ఐదారు ఫ్లోర్ల తేడా వస్తే మాత్రం గేమ్ మంచిదే, నేర్చుకోవాల్సింది నువ్వు.

ప్రశ్న: మావాడు ఇంటరండి. రాత్రి ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి గేమ్ ఆన్‌లోనే వదిలేసి పడుకుంటాడు, అదే ఆడుకుంటాదట. మనం ఆడనిది ఆటేటండీ? - ఒక అమ్మ, మద్దిలపాలెం

జవాబు: ఇదే వెక్కిరింపుతో 2002లోనే ప్రోగ్రెస్ క్వెస్ట్ అని ఒకటి చేశారమ్మా, హీరోకి పేరు పెడితే చాలు, ఆ తర్వాత చూస్తూ కూర్చోవడమే. తమాషా ఏంటంటే జనం దాన్ని కూడా ఇష్టంగానే చూశారు. ఫోన్ విషయానికొస్తే, ఆఫ్‌లైన్ లెక్క ఉన్న గేమ్ అయితే మూసేసినా నష్టం లేదు, రాత్రంతా లోపల ఎవరూ కొట్టుకోరు, పొద్దున్న తెరవగానే ఎన్ని గంటలైందో గడియారం చూసి ఒక్క గుణకారంతో బంగారం ఇచ్చేస్తుంది. ఈ ముక్క మీవాడికి చెప్పండి, ఫోన్ వేడెక్కడమైనా తప్పుతుంది. ఆఫ్‌లైన్ లేని రకమైతే ఫోన్ మీ గదిలో పెట్టుకోండి.

ప్రశ్న: యాడ్స్ గోల లేనిది ఒకటి చెప్పండి గురూజీ. - మురళీనగర్ నుంచి

జవాబు: డబ్బు పెట్టగలిగితే 2021లో వచ్చిన లూప్ హీరో. హీరో గుండ్రంగా తిరుగుతూ తనే కొట్టుకుంటాడు, దారి పక్కన కొండలూ అడవులూ పెట్టి కష్టాలు తెచ్చేది మనమే. క్యాంప్ దగ్గరికొచ్చి వెనక్కి తిరిగితే సరుకంతా మనది, దారి మధ్యలో పారిపోతే 60 శాతం, చస్తే 30 శాతం. ఇంకో రౌండ్ తిరగాలా ఇంటికెళ్లాలా అన్న ఆ ఒక్క డౌటే గేమంతా నడిపిస్తుంది, పై తమ్ముడి గేమ్‌లో లేనిది అదే. కాకపోతే ఫోన్ మూసేస్తే ఇదేమీ సంపాదించదు, కొంచెం నత్తనడక కూడా.

పైసా పెట్టనంటే ఆండ్రాయిడ్‌లో షాటర్డ్ పిక్సెల్ డంజన్. ఐడిల్ అస్సలు కాదు, ప్రతి అడుగూ మనమే వెయ్యాలి. 26 ఫ్లోర్లు, మొదటి 25లో ఐదింటికో బాస్, అంటే పెద్ద రాక్షసుడు. నెట్ అక్కర్లేదు, అరకు రైలు సొరంగాల్లో సిగ్నల్ పోయినా ఆట ఆగదు. ఆ మధ్య బొర్రా గుహలు స్టేషన్ దాటుతుండగానే నేను 20వ ఫ్లోర్‌లో మరుగుజ్జు రాజు చేతిలో చచ్చాను, పక్క సీటాయన ఇచ్చిన వేరుశనక్కాయలు తిని మళ్లీ మొదటి ఫ్లోర్ నుంచి మొదలుపెట్టాను.